మోచేతి మడతలో సున్నా

మా ల్యాబులో అసలు పని పదకొండింటికి మొదలవుతుంది. అప్పటికి టిఫిను అరిగి, భోజనం మీదికి ఇంకా మనసు పోక, మనిషి ముక్కు మహా చురుగ్గా ఉంటుందని తవిటినాయుడు గారి సిద్ధాంతం. పుస్తకాల్లో దానికి ఆధారం ఉందో లేదో నాకు తెలియదు గాని, పదకొండేళ్ళ పాటు నేను సరిగ్గా ఆ వేళకే కుర్చీలో కూర్చున్నాను. తలకి కొబ్బరినూనె లేదు, జడలో పువ్వు లేదు, మొహానికి పౌడరు లేదు, పొద్దున్నపూట ఆవకాయ లేదు. మా అత్తగారు ఇరుగుపొరుగుతో "మా కోడలిది వాసనల కంపెనీలో ఉద్యోగం" అని చెప్పేది. వాళ్ళు అగరుబత్తుల కంపెనీ అనుకునేవాళ్ళు. ఆవిడ దిద్దేది కాదు.

నిజానికి మాది విస్కీ రుచి చూసే ఉద్యోగం. విశాఖ రేవుకి స్కాట్లండ్ నుంచి సింగిల్ మాల్ట్ వస్తుంది. ఒకే బట్టీలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే కాచి, ఓక్ పీపాల్లో ఏళ్ళ తరబడి నిలవబెట్టిన సరుకు అది. సీసా మీద రాసిందీ లోపల ఉన్నదీ ఒకటేనా, పీపా మంచిదేనా, దారిలో ఏమైనా పాడైందా అని మేము నలుగురం తేల్చాలి. రంగు చూసి మోసపోకుండా నీలం గ్లాసుల్లో పోసి, తగినన్ని నీళ్ళు కలిపి, పైన గాజుమూత పెడతారు. మూత తీసి వాసన చూడాలి. చుక్క నాలుక మీద వేసుకుని, అటూ ఇటూ తిప్పి, పక్కనున్న స్టీలు గిన్నెలో ఉమ్మెయ్యాలి. ఇన్నేళ్ళలో ఒక్క గుక్క కూడా నా గొంతు దిగలేదంటే మా చుట్టాలెవరూ నమ్మరు.

తవిటినాయుడు గారు మా అందరికీ పెద్ద. కుర్రతనంలో ఓడలో వంటవాడిగా వెళ్ళి, స్కాట్లండ్‌లోని ఐలా ద్వీపంలో ఒక బట్టీ దగ్గర పీపాలు దొర్లించే పనికి కుదిరి, పద్నాలుగేళ్ళు అక్కడే ఉండి వచ్చిన మనిషి. నేను ఆయన్ని బాబాయ్ అంటాను. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో మాటలు ఎత్తి రాస్తే అస్సలు ఊరుకునేవారు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక గ్లాసు గురించి ఏదో చలిదేశపు పువ్వు పేరు రాశాను. కాగితం నా ముందు పెట్టి అడిగారు.

"ఈ పువ్వు నువ్వెప్పుడైనా సూసేవా? సూళ్ళేదు కదా. మరెందుకు రాసేవు? నీ ముక్కుకి తెలిసిందే రాయి."

అందుకని మా రిజిస్టరులో ఐలా విస్కీ అంటే తంపటి వేసి కాల్చిన తేగలు, చేపలరేవులో తడి తాడు, ఆసుపత్రి అయోడిను. షెర్రీ అనే ద్రాక్షసారా పోసిన పీపాలో ఉంచింది అయితే ఎండుద్రాక్ష, తాటిబెల్లం, పట్టుచీరలు దాచిన చెక్కపెట్టె. స్పేసైడ్ లోయ సరుకు అయితే ఆపిలు తొక్క, తేనె, అప్పుడే నూర్చిన వరిగడ్డి. స్కాట్లండ్ నుంచి వచ్చిన ఒక దొర మా రాతలు తర్జుమా చేయించుకుని చదివి, తేగ అంటే ఏమిటో చూడాలని పట్టుబట్టాడు. భీమిలి రోడ్డులో కొనిచ్చాం. పీచుతో సహా నమిలి, మీరు రాసింది నిజమేనని ఒప్పుకుని వెళ్ళాడు.

బాబాయ్ నేర్పిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైంది మోచేయి. ఒక గ్లాసుకీ ఇంకో గ్లాసుకీ మధ్య ముక్కు తేరుకోవాలి. కొందరు ఇందుకు కాఫీ గింజలు వాడతారు. ఆయన దాన్ని తీసిపారేసేవారు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి లోపలి మడతలో ముక్కు ఆనించి రెండుసార్లు పీల్చేవారు. ఎవడి ఒంటి వాసన వాడికి తెలియదు కాబట్టి అదే సున్నా అనీ, ప్రతి గ్లాసు తరవాతా సున్నా దగ్గరికి వెళ్ళి రావాలనీ చెప్పేవారు. మేమూ అలాగే చేసేవాళ్ళం. బయటివాళ్ళు అద్దంలోంచి చూస్తే, నలుగురు పెద్దమనుషులు చేతుల్లో మొహం దాచుకుని ఏడుస్తున్నట్టు కనిపించేది.

ఉద్యోగంలో పదకొండో ఏడు, భాద్రపదంలో నాకు జ్వరం వచ్చింది. వారం రోజులు ఉండి తగ్గింది. ఎనిమిదో రోజు పొద్దున్న మా అమ్మాయి లహరికి తల దువ్వుతుంటే ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఆరేళ్ళ పిల్ల. నెత్తిన ముక్కు పెట్టి చూశాను. కుంకుడుకాయ లేదు, చెమట లేదు, పిల్ల లేదు. వంటింట్లోకి పరుగెత్తి ఇంగువ డబ్బా మూత తీశాను. అదీ లేదు.

మూడు నెలలు అలా గడిచాయి. తరవాత వాసన తిరిగి వచ్చింది గాని, అన్నిటికీ ఒకటే వాసన, కాలిన రబ్బరు. కాఫీ రబ్బరు, సబ్బు రబ్బరు, అన్నం రబ్బరు. లహరి వచ్చి మెడ చుట్టూ చేతులు వేస్తే ఊపిరి బిగబట్టేదాన్ని. ఎంత దాచినా పిల్లకి తెలిసిపోయింది. నాకు రెండు మూరల దూరంలో నిలబడి మాట్లాడటం నేర్చుకుంది. ఉద్యోగం పోతుందన్న భయం ఉండనే ఉంది, కాని ఆ రెండు మూరల దూరమే నన్ను ఎక్కువ కోసింది.

ఉద్యోగం మాత్రం పోలేదు. బాబాయ్ పోనివ్వలేదు. నన్ను గ్లాసులకి చీటీలు అంటించే పనిలో కూర్చోబెట్టి, గౌరికి ఇది సెలవు కాదు, విశ్రాంతి అని నా తరఫున మేనేజరుతో దెబ్బలాడారు.

అప్పటికి కంపెనీ వాళ్ళకి ఒక ఆలోచన ఉంది. బాబాయ్ వచ్చే వేసవిలో రిటైరవుతారు, ఈలోగా ఆయన ముక్కుని యంత్రంలోకి ఎక్కించి దాచుకోవాలని. అందుకు డాక్టర్ మణిమాల గారిని పెట్టుకున్నారు. మెదడు మీద పరిశోధన చేసే మనిషి. మూడువందల సన్నటి తీగలున్న టోపీ ఒకటి తయారు చేసింది. అది పెట్టుకుని మనిషి ఏదైనా వాసన చూస్తే, తలలో ఏ కణాలు ఏ వరసలో మేలుకున్నాయో టోపీ రాసుకుంటుంది. ఒక్కో వాసన పద్దెనిమిది సార్లు చూస్తే దాని పటం స్థిరపడుతుంది. ఏడాదిగా బతిమాలుతున్నా బాబాయ్ ఆ టోపీని దగ్గరికి రానివ్వలేదు. యంత్రానికి జలుబు చెయ్యదు కాబట్టి దానికి ముక్కు విలువ తెలియదని ఆయన వాదన.

నాకు రబ్బరు వాసన మొదలైన వారానికి తనంతట తనే ఆవిడ గదికి వెళ్ళారు. యంత్రంలోకి ఎక్కే పటం ఇంకో మనిషి తలలోకి ఎక్కదా అని అడిగారట. ఆవిడ ముందు నవ్వింది. ఆ తరవాత నాలుగు రోజులు ఎవరి ఫోనూ ఎత్తలేదు. అయిదో రోజు నన్ను పిలిపించింది.

"నీ ముక్కులో నరాలు మళ్ళీ మొలిచాయి గౌరీ. కాని అపార్టుమెంటు కింద ఉత్తరాల డబ్బాల మీద పేర్లు చెరిగిపోయాయనుకో, పోస్టుమాన్ ఏం చేస్తాడు? అన్నీ ఒకే డబ్బాలో పడేస్తాడు. ఆ డబ్బా నీకు రబ్బరు. ఆయన పటం చూసి ఆ పేర్లు మళ్ళీ రాయొచ్చేమో చూద్దాం."

జనవరిలో మొదలుపెట్టాం. రెండు గదులు, మధ్యన అద్దం. అవతల బాబాయ్ టోపీ పెట్టుకుని గ్లాసు మూత తీస్తారు, మోచేతి మడతలో ముక్కు పెడతారు, మళ్ళీ మూత తీస్తారు. పద్దెనిమిది సార్లు. మర్నాడు అదే విస్కీ నా ముందుకి వస్తుంది, నాకు పెట్టిన రెండో టోపీ ఆ పటాన్ని నా తలలో రాస్తుంది. మొదటిది ఐలా సరుకు. మూత తీశాను, రబ్బరు. మళ్ళీ తీశాను, అదే రబ్బరు. ఆరోసారో ఏడోసారో తల వెనక ఎవరో వేలితో తట్టినట్టు అయింది. రబ్బరు పలచబడి, దాని వెనక నుంచి పొగ వచ్చింది. అది తేగల తంపటి. ఆ వెనకే తడి తాడు, ఆ వెనకే అయోడిను. వెక్కి వెక్కి ఏడ్చాను. బాబాయ్ అద్దం అవతలి నుంచి పరుగున వస్తే ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఆయనకి ఇబ్బందై, "లెగు లెగు, గ్లాసు తన్నీగలవు" అన్నారు.

నాలుగు నెలల్లో రెండువందల పన్నెండు వాసనలు ఇచ్చారు. విస్కీలు అయ్యాక ఇంటి నుంచి సంచిలో డబ్బాలు మోసుకొచ్చేవారు. ఇంగువ, కిరసనాయిలు, ఫినాయిలు, తడిమట్టి, విరిగిన పాలు, వంటగ్యాసు, కొత్త పుస్తకం. ఏప్రిల్‌లో ఒకరోజు లహరిని తీసుకురమ్మన్నారు. ఆయన టోపీ పెట్టుకుని పిల్ల నెత్తిన ముక్కు ఆనిస్తే, తీగలు చెవులకి తగిలి అది కితకితలతో మెలికలు తిరిగిపోయింది. పద్దెనిమిది సార్లు ఓపిగ్గా చేశారు.

మర్నాడు సాయంత్రం ఇంట్లో దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. కుంకుడుకాయ ఉంది. దాని వెనక బలపం, మీగడ, చివర్లో సన్నగా ఉప్పు. ఆ ఉప్పుని నేను ఇదివరకు ఎన్నడూ పసిగట్టలేదు. ఆయన ముక్కు నా పాత ముక్కు కంటే చాలా మంచిదని అర్థమైంది. నా కూతురి వాసన కన్నతల్లికే కొత్తగా, ఇంకా నిండుగా ఇచ్చిన మనిషికి ఏమిచ్చి రుణం తీర్చుకోగలనని ఎంతసేపు ఆలోచించినా తోచలేదు. రెండు మూరల దూరం ఆ సాయంత్రంతో పోయింది.

చిన్న ఇబ్బంది ఒకటి మిగిలింది. నేను ఎక్కడికి వెళ్ళినా ఎవరో పరాయి ఆడమనిషి వాసన నా వెంటే ఉండేది. ఇంటికి ఎవరైనా వచ్చి వెళ్ళారా అని మా అత్తగారిని రెండుసార్లు అడిగాను. మూడోసారి అడగబోతూ ఆగిపోయాను. ఆ ఆడమనిషిని నేనే. అందరూ పుట్టినప్పటి నుంచి ఎరగని తమ ఒంటి వాసన నాకు మాత్రం తెలుస్తోంది.

మే నెల మొదటి వారంలో నన్ను మళ్ళీ గ్లాసుల ముందు కూర్చోబెట్టారు. ఆ నెలాఖరుకే బాబాయ్ రిటైర్మెంటు. ఆరు గ్లాసులు. ఎప్పట్లాగే ఆయనే ట్రే సర్దారు, ఆయన పక్కనే నేను. మొదటి గ్లాసు బాగా చెప్పాను. రెండోదానికి ముందు మోచేతి మడతలో ముక్కు పెడితే అక్కడ సున్నా లేదు, ఆ పరాయి ఆడమనిషే ఉంది. మూడో గ్లాసుకి వచ్చేసరికి విస్కీలు, నేను, గదిలోని ఏసీ గాలి అన్నీ కలగాపులగం అయిపోయాయి. చెమటలు పట్టాయి. ఇక నా వల్ల కాదని చెబుదామని బాబాయ్ వైపు వంగాను. ఆయన మడిచిన చొక్కా చేతికి నా మొహం దగ్గరైంది.

ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. ముక్కుకి అంత నిశ్శబ్దం ఉంటుందని నాకు తెలియదు. ఏమీ లేని చోటు, శుభ్రంగా తుడిచిన పలక. ఆ నిశ్శబ్దంలోంచి లేచి నాలుగో గ్లాసు మూత తీశాను.

ఫినాయిలు గుప్పుమంది. ఎవరో గాజుమూతని నేల తుడిచే గుడ్డతో తుడిచారు. మిగతా ఇద్దరూ కూడా మొహాలు చిట్లించారు. కాని మా దగ్గర ఒక పద్ధతి ఉంది, పెద్దాయన నోరు విప్పేదాకా ఎవరమూ మాట్లాడం. అందరం ఆయన వైపు చూశాం. బాబాయ్ తాపీగా వాసన చూసి, తల ఊపి, ఆపిలు తొక్క, తేనె, వరిగడ్డి, పీపా మంచిది, రాసుకోండి అన్నారు.

మిగతా ఇద్దరూ ఆయన తమని పరీక్షిస్తున్నారనుకుని నవ్వారు. ఆయన కూడా వాళ్ళతో నవ్వేశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నాలుగో గ్లాసులో స్పేసైడ్ సరుకు ఉందని ఆయనకి తెలుసు, ట్రే సర్దింది ఆయనే. ఆయన చెప్పింది ట్రేని గుర్తుపెట్టుకుని. ముక్కుతో కాదు.

ఆ మధ్యాహ్నం తిన్నగా వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆయన ఇంకా చేరలేదు. వాళ్ళావిడ నూకరత్నం గారు పీట వేసి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. బాబాయ్ ఒంట్లో ఎలా ఉందని అడిగాను. ఆవిడ ఖాళీ గ్లాసు అందుకుని నా ఎదురుగా కూర్చుంది.

"నాలుగు నెల్లై ఏటి పెట్టినా బాగున్నాదంటన్నాడమ్మా. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఒక్కపాలి అన్లేదు ఆ మాట. మొన్న సేపల పులుసు అడుగంటి మాడిపోనాది, ఈధి సివరికి కొట్టింది కంపు. బాగున్నాది, ఇంకొంచిం ఎయ్యి అన్నాడు. అప్పుడే అనుకున్నాను, ఈ మడిసికి ఏదో అయిపోనాదని."

బాబాయ్ గుమ్మంలో చెప్పులు విప్పుతూ నన్ను చూసి అక్కడే నిలబడిపోయారు. తరవాత వచ్చి నా ఎదురుగా కూర్చుని, దాచకుండా అంతా చెప్పారు. మొదటి రోజు తేగల పొగ ఇచ్చారా, రెండు రోజులకి ఆ పొగ ఆయన ముక్కులోంచి పోయింది. తరవాత ఇచ్చినవీ అంతే. టోపీ అన్నిసార్లు చదివితే తలలో ఆ వాసన దారి అరిగిపోతోందన్నమాట. నలభయ్యో వాసన నాటికి ఆయనకి అనుమానం తీరిపోయింది. మణిమాల గారికి తెలిస్తే పని ఆపేస్తుంది కాబట్టి చెప్పలేదు. ఆవిడ పెట్టే పరీక్షల ట్రే కూడా ఆయనే సర్దేవారు కాబట్టి ఎక్కడా దొరకలేదు.

"లహరి తల దగ్గర ముక్కు పెట్టినప్పుడు కూడా తెలుసా బాబాయ్, అది పోతాదని?"

"తెలుసు."

"మరెందుకు ఇచ్చేరు?"

"నాకు అరవయ్యేడు గౌరీ. ఇంకెన్ని గ్లాసులికి మూత తీస్తాను? కంపెనీవోళ్ళు యంత్రానికి ఎక్కిస్తామన్నారు. యంత్రం పిల్ల తల వాసన సూసి ఏటి సేసుకుంటాది?"

దారి పొడుగునా ఆయన్ని ఎలా కోప్పడాలో మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. అవన్నీ మరిచిపోయాను. సిగ్గు, బాధ, వాటన్నిటినీ తోసుకుంటూ కృతజ్ఞత. అదే ముందు వచ్చింది. నూకరత్నం గారు లోపలికి వెళ్ళి ఇద్దరికీ మజ్జిగ తెచ్చింది. ఆయన తాగి అలవాటుగా బాగున్నాది అన్నారు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మణిమాల గారు విషయం విని, తనే ముందుగా కనిపెట్టాల్సిందని ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ రోజే టోపీ పని ఆపేసి, ఇక ఏ మనిషి మీదా పెట్టేది లేదని పైవాళ్ళకి రాసిచ్చింది. నాలో రాసింది వెనక్కి తీసి ఆయనకి ఇవ్వొచ్చేమో చూడమని నేను బతిమాలాను. కుదరదంది. అరిగిన దారి మీద మళ్ళీ రాయడం రాదు. బాబాయ్ ఆ మాట విని ఊపిరి పీల్చుకున్నారు. నేను ఎక్కడ తిరిగి ఇచ్చేస్తానోనని ఆయన భయపడ్డారట.

తరవాత ఆవిడ నా పరాయి ఆడమనిషి సంగతి, ఆయన చెయ్యి దగ్గరి నిశ్శబ్దం సంగతి అడిగి తెలుసుకుని, పటాలన్నీ తిరగేసింది. తప్పు బయటపడింది. ఇంకెవరైనా అయితే టోపీ పెట్టుకుని ఒక్కో వాసనకీ మధ్య ఊరికే కూర్చునేవాళ్ళు. మా బాబాయ్ విస్కీ మనిషి కదా, నలభయ్యేళ్ళ అలవాటు, ప్రతిసారీ మోచేతి మడతలోకి వెళ్ళివచ్చారు. అలా దగ్గర దగ్గర నాలుగు వేల సార్లు. ఆయనకి అక్కడ ఏ వాసనా లేదు కాబట్టి టోపీ దాన్ని సున్నా అని రాసుకుంది. అన్నిటికంటే లోతుగా దిగిన గీత అదే. నా తలలో ఇప్పుడు సున్నా అంటే నా ఒళ్ళు కాదు, ఆయన ఒళ్ళు.

"నీ ఒంట్లో నువ్వు బతుకుతున్నావు కాబట్టి నెమ్మదిగా నీ సున్నా నీకు కుదురుకుంటుంది. ఎన్నాళ్ళో చెప్పలేను. కుదిరిన రోజున ఆయన చెయ్యి ఇక పనిచెయ్యదు," అంది మణిమాల గారు.

"అందాకా నా ఉద్యోగానికి ఢోకా లేదన్నమాట," అన్నారు బాబాయ్.

నెలాఖరున దండలు, శాలువా అన్నీ అయ్యాయి. మర్నాడు పదిన్నరకల్లా మళ్ళీ గేటు దగ్గర ప్రత్యక్షమయ్యారు. గార్డు రిజిస్టరులో ఏ పని మీద వచ్చారో రాయాలి కదా, సున్నా అని రాయమన్నారు. నా ఎడమపక్క ఒక స్టూలు వేయించుకుని, కుడిచేతి చొక్కా మడిచి కూర్చునేవారు. ఒక్కో గ్లాసు అయ్యాక నేను ఆయన మోచేతి మీదికి వంగి రెండుసార్లు పీల్చి, ఆ నిశ్శబ్దంలో కడుక్కుని తరవాతి గ్లాసుకి వెళ్ళేదాన్ని. బొంబాయి నుంచి వచ్చిన పెద్ద మేనేజరు ఇది చూసి తెల్లబోయి, ఇదేదో మన ఆచారమేమోనని అడగడానికి మొహమాటపడి ఊరుకున్నాడు.

ఆయన ఊరికే కూర్చునే రకం కాదు. ప్రతి గ్లాసుకీ ఎలా ఉన్నాది అని అడిగేవారు. తడి తాడు అంటే, ఉప్పునీళ్ళలో తడిసిందా మంచినీళ్ళలో తడిసిందా అనేవారు. తాటిబెల్లం అంటే, పాకమా అచ్చా అనేవారు. నేను మళ్ళీ మూత తీసి వెతకాల్సి వచ్చేది, వెతికితే దొరికేది. నేను చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేవారు, మొహంలో ఏదో కదిలేది. ఆ ఏడాది నేను రాసినంత బాగా అదివరకు ఎన్నడూ రాయలేదు. ముక్కు ఆయన ఇచ్చిందే, దాన్ని వాడటం కూడా పక్కన కూర్చుని మళ్ళీ ఆయనే నేర్పారు.

ఒకసారి నూకరత్నం గారు ల్యాబుకి కేరేజీ తెచ్చి, బయట వరండాలో నాతో చెప్పింది. పదకొండు గంటల కోసమే ఆయన పొద్దున్న మంచం దిగుతున్నారట. ఆదివారం నాడు ఏం చెయ్యాలో తోచక గుమ్మంలో కూర్చుంటారట. నాకు బెంగ పట్టుకుంది. ఎందుకంటే కార్తీకం వచ్చేసరికి నా వెంట తిరిగే ఆ పరాయి ఆడమనిషి వాసన రోజురోజుకీ పలచబడుతోంది. బాగవుతున్నందుకు సంతోషించాల్సింది పోయి, ఇంకొన్నాళ్ళు ఆగు అని దాన్ని బతిమాలుకున్నాను.

మార్గశిరంలో ఒక బుధవారం. ఆరు గ్లాసులు. మూడోది అయింది. ఎప్పట్లాగే ఎడమపక్కకి వంగాను. ఒకసారి పీల్చాను. గాలిలో ఎక్కణ్ణుంచో ఏదో వచ్చిందనుకున్నాను. రెండోసారి పీల్చాను. మూడోసారి పీల్చాను.

అక్కడ సున్నా లేదు. అక్కడ ఒక మనిషి ఉన్నాడు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరవయ్యేడేళ్ళు ప్రపంచంలో అన్నిటినీ పసిగట్టి, తనని మాత్రం ఎరగని ముక్కు ఇది. ఇప్పుడు నా మొహంలో ఉండి తన యజమానిని మొదటిసారి వాసన చూస్తోంది.

"మూడుసార్లు పీల్సేవు. ఏటైంది?" అన్నారు బాబాయ్.

ఏమీ లేదని అనొచ్చు. ఆయన నా కోసం నాలుగు నెలలు అబద్ధమాడారు, నేను ఆయన కోసం నాలుగేళ్ళు ఆడగలను. కాని ఆయన దగ్గర ఒక గ్లాసు గురించి కూడా నేను ఎన్నడూ అబద్ధం చెప్పలేదు.

"బాబాయ్, మీకు వాసనుంది."

ఆయన చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకుని, మడిచిన చొక్కా కిందికి దించుకుంటూ, మంచిది, అయితే రేపట్నుంచి రానక్కర్లేదన్నమాట అన్నారు. నేను ఆయన మణికట్టు పట్టుకుని ఆపాను.

"రావాలి. మీరు అడక్కపోతే ఏ గ్లాసూ నాకు సగం కంటే ఎక్కువ తెలవదు. ఈ మాట నేను మొహమాటానికి అంటం లేదు."

ఆయన నా మొహం వైపు చూశారు. అబద్ధం ఎక్కడైనా ఉందా అని వెతికినట్టున్నారు. తరవాత చొక్కా మళ్ళీ పైకి మడిచి, చెయ్యి ట్రే పక్కన గ్లాసుల వరసలో పెట్టారు.

"అయితే సెప్పు. ఎలా ఉన్నాది?"

నేను పద్ధతి ప్రకారమే చెప్పాను. ముందు ఎర్రసబ్బు, బట్టలు ఆరేసిన తీగ, ఎండ. కాసేపు ఆగితే జీలకర్ర, నూరింది కాదు, అప్పుడే వేయించింది. వంట మానేసి నలభయ్యేళ్ళు దాటినా అది చేతిని వదల్లేదు. ఇంకా లోపలికి వెళితే పాత కొయ్య, దాని మీద ఎవరో రోజూ చెయ్యి వేసి నడిచినంత నునుపు. ఆఖర్న, ఇప్పుడే దించిన అన్నంగిన్నె మూత తీస్తే వచ్చే ఆవిరి. అది చాలాసేపు నిలుస్తుంది.

మిగతా ఇద్దరూ కలాలు కింద పెట్టేశారు. బాబాయ్ కళ్ళు మూసుకునే ఉన్నారు.

"లోపం?"

"లేదు."

"ఉంటాది. లోపం లేని పీపా ఉండదు."

"కొంచెం తుప్పు. మోచేతి దగ్గర."

ఆయన నవ్వారు. నవ్వుతుంటేనే కళ్ళ కొసల నుంచి నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. ముందు ట్రే వైపు చూసి, తరవాత తన చేతిని కాస్త ఎత్తి, అది ఇంకెవరిదో అయినట్టు చూసుకున్నారు.

"మళ్ళీ సెప్పు," అన్నారు. "మెల్లిగా."

నాలుగో గ్లాసు మూత తియ్యకుండానే పక్కకి జరిపి, నేను సబ్బు దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.